మంద నడిచిన దారి

సంక్రాంతి పండుగ వెళ్ళిన కొద్దిరోజులకు నల్గొండ నుండి మిర్యాలగూడకు పోయే బస్సు ఒక్కొక్కసారి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఎదురుగా వెయ్యి గొర్రెలు రహదారినంతా కప్పివేసి మెల్లగా కదలివస్తుంటాయి. భుజాన గొంగడి, చేతిలో పొడవాటి కర్ర, నోట ఒక వింత కేక - ఇంతే ఆయుధాలుగా ఇద్దరు ముగ్గురు కాపరులు వాటిని ఒక పక్కకు మళ్ళిస్తుంటారు. డ్రైవరు హారను మోగిస్తాడు. ప్రయాణికులు విసుగుకొంటారు. అయిదు నిమిషాలలో మంద దాటిపోతుంది, బస్సు సాగిపోతుంది. ఆ మంద ఏ ఊరిది? ఎందుకు బయలుదేరింది? ఎక్కడికి పోతున్నది? అని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్నలకు సమాధానం వెదికితే శతాబ్దాలుగా మన పల్లెలను పోషించిన ఒక జీవనవిధానం కనులముందు నిలుస్తుంది.

ఋతువును అనుసరించి మందలను ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి తోలుకొనిపోయి, మేపి, మరల స్వస్థలానికి చేర్చడం అతి ప్రాచీనమైన వృత్తి. హిమాచల్ ప్రదేశ్‌లోని గద్దీలు వేసవిలో మంచు కరిగిన కొండచరియలకు మందలను ఎక్కిస్తారు, చలికాలంలో లోయలకు దింపుతారు. రాజస్థాన్‌లోని రైకాలు ఎడారి ఎండిపోయినప్పుడు గొర్రెలతో, ఒంటెలతో పొరుగు ప్రాంతాలకు తరలిపోతారు. మన తెలుగునాట గొల్లలు, కురుమలు ఈ వృత్తిని తరతరాలుగా నిలుపుకొంటున్నారు. రాయలసీమలో కురుమలను కురుబలని అంటారు. అక్కడ మంచు మందను కదిలిస్తే ఇక్కడ వాన కదిలిస్తుంది. దానిని చూచి గమ్యంలేని తిరుగుడు అనుకోవడం పొరపాటు. కాపరి నడకకు ఒక పంచాంగం ఉన్నది.

తొలకరి జల్లులు పడగానే ఊరి పొలాలన్నీ విత్తనాలతో నిండుతాయి. అప్పుడు గొర్రెకు పొలంలో చోటు లేదు. కాపరులు మందలను గుట్టలకు, బంచరాయి భూములకు, అడవి అంచులకు తోలుకొనిపోతారు. నల్లరేగడి బురదలో గొర్రె గిట్టలు నాని పుండ్లు పడతాయి గనుక నీరు నిలువని గరపనేలలను, ఎర్రనేలలను ఏరుకొంటారు. తొలి వానలకు మొలిచిన లేతపచ్చికను ఆబగా మేసిన గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. నిన్న సాయంత్రం గంతులు వేసిన గొర్రె తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. అందుకే అనుభవజ్ఞుడైన కాపరి ఆ రోజులలో మందను ఖాళీ కడుపుతో పచ్చిక మీదికి వదలడు.

మార్గశిర, పుష్య మాసాలలో వానకారు పంటల కోతలు ముగుస్తాయి. అప్పుడు పొలం తలుపులు తెరుచుకొంటాయి. మెట్టప్రాంతాలలో పచ్చిక ఎండిపోతున్న ఆ సమయంలోనే పల్లపు ప్రాంతాలలో కోసిన మళ్ళు, వాటిలో మొలిచిన కలుపు, గట్ల మీది గడ్డి మందకు ఆహారమవుతాయి. పాలమూరు వంటి మెట్టసీమల మందలు ఈ కాలంలోనే సాగర్ కాలువల వైపు, కృష్ణా డెల్టా వైపు నడక సాగిస్తాయి. వేసవిలో రాలిన తుమ్మకాయలు, చెరువు శిఖంలోని పచ్చిక, కాలువగట్టు నీడ వాటికి ప్రాణాధారాలు. మరల మృగశిర కార్తె సమీపించి ఆకాశాన మబ్బు కనిపించగానే మంద ఇంటిదారి పడుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్ల ప్రయాణం ఆ విధంగా ఒక వలయంగా పూర్తవుతుంది.

ఈ ప్రయాణంలో లాభం కాపరికి మాత్రమే కలుగుతుందా? కాదు. రైతుకు పనికిరానిది గొర్రెకు ఆహారం, గొర్రె విడిచినది పొలానికి బలం. నాలుగు అరలు గల గొర్రె పొట్టలోని సూక్ష్మజీవులు మనిషి అరిగించుకోలేని గడ్డిని, మోళ్ళను జీర్ణం చేస్తాయి. రాత్రివేళ మందను పొలంలో పడుకోబెడితే పెంటికలతో పాటు మూత్రం కూడా నేరుగా నేలలో ఇంకుతుంది. దిబ్బ మీద వేసి, బండికెత్తి, చల్లే శ్రమ లేదు. వేలకొలది గిట్టలు తొక్కడం వలన ఎరువు మట్టిలో కలిసిపోతుంది. దీనినే రైతులు మంద పెట్టించడం అంటారు. ఇందుకు ప్రతిఫలంగా రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు. కాపరులకు భోజనం పెట్టే ఆచారమూ కొన్ని పల్లెలలో ఉన్నది. ఏటేటా అదే కాపరి అదే రైతు పొలానికి వస్తాడు. తండ్రుల నాడు కుదిరిన ఆ మాట కొడుకుల నాటికీ చెల్లుతుంది. కాగితం లేదు, సంతకం లేదు. మాటే పత్రం.

ఇంత పెద్ద మందను నడపడం ఒక్కరి వలన అయ్యే పని కాదు. కొన్ని కుటుంబాలు కలిసి మందలను ఒకటి చేస్తాయి. వారిలో అనుభవశాలి అయిన పెద్ద ఒకడు ముందుగా పోయి గడ్డి ఎక్కడున్నది, నీరు ఎక్కడున్నది, ఏ రైతు పొలం ఎప్పుడు ఖాళీ అవుతుంది అన్నది విచారించి వస్తాడు. పగలంతా నడక, మేత. సాయంకాలానికి వలలు కట్టి మందను మలపుతారు. నడవలేని పసిపిల్లలను వెదురుబుట్టల కింద కప్పి తోడేళ్ళ నుండి కాపాడతారు. కుక్కలు చుట్టూ కాపలా ఉంటాయి. కాపరులు వంతులవారీగా మేలుకొంటారు. ఒకప్పుడు వంటపాత్రలను, ఈనిన పిల్లలను గాడిదల మీద మోసుకొనిపోయేవారు. ఇప్పుడు ఆ స్థానాన్ని చాలాచోట్ల ఆటోలు, చిన్న ట్రాలీలు ఆక్రమించాయి.

మనం ఆలోచన లేకుండా ఒకరి వెంట ఒకరు పోవడాన్ని గొర్రెదాటు అని ఎగతాళి చేస్తాము. ఆ మాట కాపరి అనుభవంలో పుట్టినదే గాని, అతనికి అది ఎగతాళి కాదు, ఉపాయం. వాగు దాటవలసి వచ్చినప్పుడు గొర్రెలు నీటిని చూచి బెదిరి నిలిచిపోతాయి. కాపరి వాటిలో ఒకదానిని పట్టి ముందుగా దాటిస్తాడు. దానిని చూచి మరొకటి, మరొకటిని చూచి వేయి దాటుతాయి. మన కంటికి గొర్రెలన్నీ ఒక్కటే. కాపరి కంటికి దేని ముఖం దానిదే. ఏది ఏ తల్లి పిల్లో, ఏది ఎన్ని ఈతలు ఈనిందో, ఏది నిన్నటి నుండి మేత మానివేసిందో అతడు లెక్కపుస్తకం లేకుండానే చెప్పగలడు. గొర్రె గర్భధారణ కాలం సుమారు అయిదు నెలలు. పిల్లలు పుట్టే వేళకు తల్లికి పచ్చిమేత దొరికేటట్లు పొట్టేళ్ళను ఎప్పుడు మందలో కలపాలో అతడు ముందుగానే నిర్ణయించుకొంటాడు. బడిలో నేర్వకపోయినా ఇది శాస్త్రజ్ఞానమే.

కాపరులు పెంచిన గొర్రె జాతులు కూడా వారు నడిచిన నేలకు తగినట్లుగానే రూపొందాయి. నెల్లూరు గొర్రె పొడుగరి. ఒంటిపై ఉన్ని ఉండదు. దూరప్రయాణాలకు, వేడికి తట్టుకొంటుంది. రంగును బట్టి దానిలో పల్ల, జోడిపి, డోర అనే రకాలను గుర్తిస్తారు. దక్కను పీఠభూమిలోని నల్లగొర్రె ముతకఉన్నిని ఇస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఆ ఉన్నిని కత్తిరించి, కురుమ స్త్రీలు నూలుగా వడికితే, చింతగింజల గంజి పెట్టి మగ్గం మీద గొంగడి నేస్తారు. దానికి రంగు అద్దనక్కరలేదు. గొర్రె నలుపే గొంగడి నలుపు. వానకు గొడుగు, చలికి దుప్పటి, నేలకు పరుపు, ఎండకు నీడ - కాపరికి గొంగడి ఒక ఇల్లు. అయితే మాంసానికి ధర పెరిగి, ఉన్నికి గిరాకీ తగ్గడంతో నల్లగొర్రెలను నెల్లూరు పొట్టేళ్ళతో సంకరం చేయడం పెరిగింది. పిల్లలు బరువు తూగుతున్నాయి గాని ఉన్ని మాయమవుతున్నది. గొర్రె మారితే గొంగడి పోయింది, గొంగడి పోతే మగ్గం మూలపడింది. ఒక వృత్తిలోని ఒక పోగు తెగితే ఎన్ని పోగులు విడిపోతాయో దీనిని బట్టి గ్రహించవచ్చు.

మన సాహిత్యం ఈ కదలికను ఏనాడూ మరువలేదు. పోతన భాగవతంలో గోపకులు గోకులాన్ని విడిచి బృందావనానికి తరలిపోతారు. గోకులంలో ఉపద్రవాలు మిక్కుటమైనాయని, బృందావనంలో పశువులకు పుష్కలంగా గడ్డి ఉన్నదని ఉపనందుడనే వృద్ధుడు చెప్పిన హితవు విని, బండ్లు కట్టి, ఆలమందలను ముందు నడిపించుకొంటూ వారు బయలుదేరుతారు. పచ్చిక కోసం ఊరినే కదిలించిన ఆ వృత్తాంతం భక్తులకు కృష్ణలీల. కాపరులకు అది తమ ఇంటికథ.

శిష్టసాహిత్యం ఇలా ఉండగా, కాపరులు తమ చరిత్రను తామే పాడుకొన్న కావ్యం మరొకటి ఉన్నది. అదే కాటమరాజు కథ. ఇది అనేక కథల సముదాయం. ఆచార్య తంగిరాల వెంకట సుబ్బారావు వీటిని సేకరించి, పరిష్కరించి లోకానికి అందించారు. ఈ కథలకు మూలం 13వ శతాబ్దంలో జరిగిన ఒక సంఘర్షణ అని పరిశోధకుల అభిప్రాయం. యాదవ నాయకుడైన కాటమరాజు ప్రాంతంలో తీవ్రమైన కరువు వచ్చింది. గడ్డిపోచ లేక మందలు అల్లాడిపోయాయి. ఆలమందలతో అతడు నెల్లూరు సీమకు తరలివెళ్ళి, ఆ సీమ ప్రభువుతో ఒడంబడిక చేసుకొన్నాడు. కథలలో ఆ ప్రభువు పేరు నల్లసిద్ధి. తన బీళ్ళలో పశువులను మేపుకోనిచ్చినందుకు మందలో పుట్టే కోడెదూడలను ప్రభువుకు ఇవ్వాలన్నది ఆ ఒప్పందం. మేతకు చెల్లించే ఈ పన్నునే పుల్లరి అంటారు. కొంతకాలానికి స్పర్ధలు పెరిగాయి. పశువులకు హాని జరిగిందని కాటమరాజు పుల్లరి చెల్లించడానికి నిరాకరించాడు. మాట తప్పినది ఎవరన్న వివాదం పాలేటి ఒడ్డున ఎఱ్ఱగడ్డపాటి యుద్ధంగా పరిణమించింది. నెల్లూరు సేనానియైన ఖడ్గతిక్కన ఆ సమరంలోనే నేలకొరిగాడని ప్రతీతి.

ఇక్కడ ఒక విషయం మనసును ఆకర్షిస్తుంది. ఖడ్గతిక్కన కవిబ్రహ్మ తిక్కనకు సోదర వరుస. మహాభారత విరాటపర్వంలో దక్షిణోత్తర గోగ్రహణాలను - ఆవుల మందల కోసం సేనలు కదలిన ఘట్టాలను - తెలుగు చేసిన మహాకవి ఇంటిలోనే పశువుల మేతకై పుట్టిన పోరు ఒక వీరుని బలిగొన్నది. గడ్డిపోచ చాలా చిన్నది. దాని మీద హక్కు ఎవరిది అన్న ప్రశ్న మాత్రం రాజ్యాలను కదిలించేంత పెద్దది.

ఆ ప్రశ్న కాటమరాజుతో ముగియలేదు. ఆంగ్లేయుల పాలనలో 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తరతరాలుగా పశువులు మేసిన అడవులు ప్రభుత్వ రక్షితారణ్యాలుగా మారాయి. వాటిలో మేపుకోవాలంటే పుల్లరి కట్టవలసి వచ్చింది. సహాయ నిరాకరణోద్యమ కాలంలో పల్నాటి ప్రజలు ఆ పన్నును ధిక్కరించారు. వారికి నాయకత్వం వహించిన మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో కాల్పులకు గురై అమరుడైనాడు. ఏడు శతాబ్దాల కాలవ్యవధిలో కత్తులు పోయి తుపాకులు వచ్చాయి. పుల్లరి అనే మాట మాత్రం మారలేదు.

కాటమరాజు కథను ఊరూరా వినిపించిన కళాకారులను కూడా ఇక్కడ స్మరించుకోవాలి. కోస్తా, రాయలసీమలలో కొమ్ములవారు పెద్ద కొమ్ములను పూరిస్తూ ఈ కథలను గానం చేశారు. తెలంగాణలో మందహెచ్చులవారు బొమ్మలను ప్రదర్శిస్తూ గొల్లల ముంగిట ఈ కథ చెప్తారు. వారి పేరులోనే ఒక ఆశీస్సు ఉన్నది. మంద హెచ్చుగాక! అన్నదే ఆ దీవెన. కురుమలకు బీరప్ప, మల్లన్న ఆరాధ్యదైవాలు. ఒగ్గు అనే చిన్న వాద్యాన్ని మోగిస్తూ ఒగ్గుకథకులు వారి గాథలను పాడతారు. గొర్రెలు పుట్టలో నుండి వెలువడ్డాయన్నది ఆ గాథలలోని విశ్వాసం. కొమురవెల్లి, ఐనవోలు మల్లన్న జాతరలకు, రెండేళ్ళకొకసారి సూర్యాపేట సమీపాన దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతరకు కాపరులు కుటుంబసమేతంగా తరలివస్తారు. ఏడాదిలో ఎక్కువకాలం దారుల మీద గడిపేవారికి బంధువులను కలుసుకొనే తావులు, పెండ్లి మాటలు సాగే వేదికలు ఈ జాతరలే.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ ప్రథమస్థానంలో, ఆంధ్రప్రదేశ్ ద్వితీయస్థానంలో నిలిచాయి. తెలంగాణలో సుమారు 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలు ఉన్నట్లు తేలింది. దేశంలోని మొత్తం గొర్రెలలో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలవే. 2017లో తెలంగాణ ప్రభుత్వం కాపరి కుటుంబాలకు రాయితీపై గొర్రెలను పంపిణీ చేసే పథకాన్ని ప్రారంభించింది. ఇవి సంతోషించదగిన విషయాలే. అయితే గొర్రెలను పంచిపెట్టినట్లు బీడును పంచిపెట్టలేము. బంచరాయి భూములు అన్యాక్రాంతమవుతున్నాయి. బోరుబావులు, కాలువలు వచ్చిన చోట ఏడాదిలో రెండు పంటలు పండి నేల ఖాళీగా ఉండే రోజులు తగ్గాయి. యంత్రాలతో కోసిన వరిమళ్ళలో మిగిలిన మోళ్ళకు నిప్పు పెట్టడం కొన్నిచోట్ల అలవాటైనది. మందకు ఆహారం, పొలానికి ఎరువు కావలసినది పొగగా పోతున్నది. తోటలకు, ఇళ్ళస్థలాలకు వేసిన ముళ్ళకంచెలు పాతదారులను మూసివేశాయి. పెద్దరహదారులపై వేగంగా దూసుకువచ్చే లారీలు ఒక్కక్షణంలో పదుల గొర్రెలను బలిగొన్న సందర్భాలున్నాయి.

ఈ జీవితాన్ని దూరం నుండి చూచి అందమైన చిత్రంగా మాత్రమే భావించడం న్యాయం కాదు. వానలో తడుస్తూ పరాయి పొలంలో రాత్రి గడపడం అందం కాదు. మంద చేలో పడితే రైతుతో తగవు, జరిమానా, ఒకప్పుడైతే బందెలదొడ్డి. రోగం వస్తే సమీపంలో పశువైద్యుడు ఎవరో తెలియదు. అన్నింటినీ మించినది పిల్లల చదువు. మంద వెంట పోయిన బిడ్డకు బడి దూరం. బడిలో ఉంచిన బిడ్డకు ఏడాదిలో ఆరునెలలు తల్లిదండ్రులు దూరం. ఆ దూరాన్ని ఓర్చుకొని చదివి కళాశాల మెట్లెక్కిన విద్యార్థులు నేడు మన తరగతి గదులలో ఉన్నారు. తండ్రి వృత్తి ఏమని అడిగినప్పుడు వారు తలవంచుకొంటే ఆ తప్పు వారిది కాదు, మనది. ఆ వృత్తిలో ఎంత జ్ఞానమున్నదో మనం వారికి చెప్పలేదు. మనమూ తెలుసుకోలేదు.

ఆశాజనకమైన మార్పులు లేకపోలేదు. పార్లమెంటు 2006లో ఆమోదించిన అటవీ హక్కుల చట్టం, ఋతువులను బట్టి అడవులను ఆశ్రయించే సంచార పశుపోషకుల సాంప్రదాయిక మేత హక్కును స్పష్టంగా గుర్తించింది. కాటమరాజు కత్తితో అడిగిన దానిని, హనుమంతు ప్రాణమిచ్చి కోరిన దానిని స్వతంత్ర భారతదేశం చట్టంలో వ్రాసుకొన్నది. వ్రాసుకొన్నది పల్లెలలో అమలు కావడం మిగిలి ఉన్న పని. ఐక్యరాజ్య సమితి 2026ను అంతర్జాతీయ పచ్చికబయళ్ళ, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించడం ఈ వృత్తికి లభించిన ప్రపంచస్థాయి గౌరవం. రసాయనిక ఎరువులతో అలసిన నేలకు మంద ఎరువు విలువ రైతులకు మరల తెలిసివస్తున్నది. దారులను కాపాడి, బంచరాయి భూములను నిలబెట్టి, నడిచే మందల దగ్గరకే పశువైద్యం, పిల్లల దగ్గరకే బడి చేరేటట్లు చూస్తే ఈ వృత్తి దయాదాక్షిణ్యాలు కోరదు. తన కాళ్ళ మీద తాను నిలుస్తుంది, నడుస్తుంది కూడా.

కాపరికీ రైతుకూ, కదిలేవానికీ నిలిచినవానికీ మధ్య కుదిరిన మాటే ఈ సంప్రదాయానికి ప్రాణం. ఆ మాట నిలిచిన చోట పొలం పండింది, మంద పెరిగింది. తప్పిన చోట రక్తం చిందింది. దారి మీద హక్కు బస్సుకు ఎంత ఉన్నదో, దానికంటె ఎన్నో శతాబ్దాల ముందునుండి ఆ దారిన నడిచిన మందకూ అంత ఉన్నది. ఈసారి సంక్రాంతి తరువాత మన బస్సు నడిరోడ్డు మీద ఆగితే విసుగుకోక కిటికీలో నుండి పలుకరిద్దాము - ఏ ఊరు, ఎంత దూరం, వానలు ఎట్లున్నాయి అని. బదులు చెప్పే ఆ మనిషికి మన పుస్తకాలలో లేని భూగోళం తెలుసు. మంద దాటిపోయేలోగా మనమూ ఒక్కమాట అందాము: మంద హెచ్చుగాక!